ఉంచే ఫైలు, చెరిపే ఫైలు

ఆంటీ పోయారని మంగళవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్లే బస్సులో తెలిసింది. బర్నబీలో ఉండే ఆమె కూతురు, తల్లి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఒకే సందేశం పంపింది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని, గుండె ఆగిందని, శనివారం స్కార్‌బరోలో చివరి చూపు అని. చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆమె గురించి కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా నంబరు ఆంటీ ఇంకా తీసెయ్యలేదా, అనుకున్నాను.

ఈ నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె గురించి మంచి రాయడం సులువే. కానీ అది రాయాలంటే నా గురించి కూడా రాయాలి. అందుకే మంగళవారం మొదలుపెట్టినది ఇన్ని రోజులు పట్టింది.

నేను నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి కెనడాలోని ఈ స్కార్‌బరో వచ్చిన ఏడాది, మా జిల్లాలో సగం మంది నాకంటే ముందే విమానం ఎక్కేసినట్టుండేది. మేముండే టవర్ లిఫ్టులో ఇంగ్లీషుకంటే తెలుగే ఎక్కువ వినిపించేది. ఎక్కడ పార్ట్‌టైమ్ ఉందన్నా అప్పటికే అక్కడ మా క్లాసువాళ్లు నలుగురు రెజ్యూమేలు పట్టుకుని నిలబడి ఉండేవారు. కాఫీ షాపులు, వేర్‌హౌసులు, గ్యాస్ స్టేషన్లు అన్నీ తిరిగి, చివరికి కాలేజీ నుంచి రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ఒక ప్లాజాలో, ఫోన్ రిపేర్ షాపులో కుదిరాను. ఒక పక్క ఇండియన్ కిరాణా, ఇంకో పక్క బిర్యానీ సెంటర్. ఓనర్ మనవాడే, అమెరికా మీదుగా వచ్చి ఎప్పుడో స్థిరపడ్డవాడు. ముందు కౌంటర్ అతనిది. వెనక గదిలో పొడవాటి బెంచీ, రెండు కంప్యూటర్లు, ఒక భూతద్దం దీపం. అది ఆంటీ రాజ్యం.

మొదటి రోజు ఆమె నన్ను కింది నుంచి పైకి చూశారు.

"ఏ ఊరు?"

"నిజామాబాద్ ఆంటీ."

"ఏం చదివావు?"

"బీటెక్, కంప్యూటర్స్."

"అయితే నీ చేత ముందు చాలా మరిపించాలి," అన్నారు. నవ్వలేదు.

ఆంటీది గుంటూరు పక్క పల్లెటూరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, పెళ్లయి భర్తతో ఇక్కడికొచ్చి, కంపెనీలకు తిరిగొచ్చిన ఫోన్లను బాగుచేసే ఒక వేర్‌హౌసులో ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ వేర్‌హౌసు మూతపడింది. భర్త పోయారు. కూతురు ఉద్యోగానికి దేశం ఆ చివరకు వెళ్లింది. అప్పటినుంచి ఈ బెంచీ. ఇవేవీ ఆమె కూర్చుని చెప్పినవి కావు. రెండేళ్లలో పని మధ్య మాటల్లో తెలిసినవి.

మా షాపుకు వచ్చే ఫోన్లలో చాలావాటికి పగిలిన అద్దం కాదు జబ్బు. వెలుగుతాయి, కంపెనీ గుర్తు చూపిస్తాయి, ఆరిపోతాయి, మళ్లీ వెలుగుతాయి. రోజంతా అంతే. ఫోనులో మనం దాచుకున్న ఫొటోలూ మాటలూ కాకుండా, ఫోను తనంతట తాను లేచి పనిచేయడానికి ఒక మూల ప్రోగ్రామ్ ఉంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. అది పాడైతే ఇట్లా అవుతుంది. అప్పుడు మీటలు నొక్కిపట్టి ఫోనును ఒక ప్రత్యేకమైన స్థితిలోకి తెచ్చి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఆ ప్రోగ్రామ్‌ను కొత్తగా ఎక్కించాలి. హైదరాబాద్ షాపుల్లో దీన్ని సాఫ్ట్‌వేర్ కొట్టడం అంటారు. నేనూ అదే మాట అన్నాను.

"కొట్టడానికి అదేమన్నా కొబ్బరికాయా? ఎక్కించడం అను," అన్నారు ఆంటీ. "రక్తం ఎక్కిస్తారు చూడు, అట్టా. గ్రూపు చూసుకోకుండా ఎక్కిస్తే ఏమైద్ది?"

నిజంగానే అంతే. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఫైలు. అదే మోడల్ ఇండియాలో కొన్నదైతే ఒకటి, ఇక్కడ కొన్నదైతే ఇంకొకటి. ఫోనులో ఉన్నదానికంటే పాతది ఎక్కిస్తే ఒప్పుకోదు. వేరే మోడల్‌ది బలవంతంగా ఎక్కిస్తే ఇక లేవదు. మధ్యలో కేబుల్ కదిలినా అంతే. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ ఫైళ్లలో చివరిది రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఎక్కిస్తే ఫోనులో ఉన్నదంతా పోయి అప్పుడే పెట్టెలోంచి తీసినట్టవుతుంది. రెండోది ఎక్కిస్తే మనిషి దాచుకున్నవి దాచుకున్నట్టే ఉంటాయి. వాటి ఇంగ్లీషు పేర్లలో ఒక్క మాటే తేడా. ఆంటీ తెలుగులో పేర్లు పెట్టుకున్నారు. చెరిపేది, ఉంచేది.

చెరిపేదానితో పని సులువు. దాదాపు ప్రతి ఫోనూ లేస్తుంది. ఊళ్లో అన్ని షాపులూ అదే వాడతాయి, డేటా పోయినా మాకు సంబంధం లేదని కస్టమర్ చేత ముందే సంతకం పెట్టించుకుంటాయి. మా షాపులోనూ ఆ కాగితం ఉండేది. ఆంటీ మాత్రం గత్యంతరం లేనప్పుడే చెరిపేది ముట్టుకునేవారు.

"ఖాళీ ఫోను కావాలంటే వాళ్లు కొత్తదే కొనుక్కుంటారుగా. మన దగ్గరికి ఎందుకొచ్చారు? లోపల ఉన్నదాని కోసం," అనేవారు.

గాజులు తీసి పక్కన పెట్టి, స్వెటర్ చేతులు రబ్బరు బ్యాండ్లతో పైకి బిగించి కూర్చునేవారు. కస్టమర్ చెప్పిన మోడల్ నంబర్ నమ్మేవారు కాదు, ఫోను విప్పి లోపలి స్టిక్కర్ చూసేవారు. ఎక్కించే ముందు ఫైలు పేరు ఒక్కొక్క అక్షరం పైకి చదివేవారు, బడిపిల్లలు ఎక్కాలు చదివినట్టు. ఎక్కుతున్నంతసేపూ బెంచీని ఎవరూ తాకకూడదు, మాట్లాడకూడదు. ఓనర్ వచ్చి ఏదో అడిగినా చెయ్యి ఎత్తి ఆపేవారు. పదకొండింటికల్లా స్టీలు డబ్బా తీసి పెరుగన్నం తినేవారు, నాకూ ఒక మూత నిండా పెట్టేవారు. వద్దంటే, "తినకపోతే చేతులు వణుకుతయ్, నా ఫోన్లు పాడైతయ్," అనేవారు. నా మీద జాలి అని నేను పొరపాటున కూడా అనుకోకుండా చూసుకునేవారు.

పనికిరాని ఒక పాత ఫోను నాకిచ్చి, అదే ఫైలు పదిసార్లు ఎక్కించమన్నారు. పదోసారి నేను పేరు చదవకుండా క్లిక్ చేశాను. ఆమె కేబుల్ లాగేశారు. ఆ ఫోను చచ్చిపోయింది.

"ఎందుకు పీకిన్రు ఆంటీ? తొమ్మిదిసార్లు కరెక్టే చేసిన కదా!"

"పదోది ఎవరిదో నీకు తెల్సా?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. కన్నీళ్లు కూడా వచ్చాయి. కానీ ఆ తర్వాత పేరు చదవకుండా ఏ ఫైలూ ఎక్కించలేదు. చదివే ఎక్కించాను, ఆ రోజు కూడా.

రెండేళ్లు గడిచాయి. చదువు అయిపోయి, వర్క్ పర్మిట్ మీద అక్కడే ఫుల్‌టైమ్ చేస్తున్నాను. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, అప్లై చేయడానికి నాకు ఓనర్ సంతకంతో ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలి. అడిగిన ప్రతిసారీ "వచ్చే వారం చూద్దాం," అనేవాడు. అడగడం మానేస్తే మర్చిపోతాడు, ఎక్కువ అడిగితే చిరాకు పడతాడు. ఆ భయం తెలిసినవాళ్లు ఈ దేశంలో చాలామందే ఉన్నారు, విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పుడు వచ్చాడు ప్రవీణ్. కరీంనగర్ అబ్బాయి, నాకంటే రెండు మూడేళ్లు చిన్న. ఒక మంచు పొద్దున, సన్నటి జాకెట్ వేసుకుని, ఫోను రెండు చేతుల్లో పెట్టుకుని వచ్చాడు. అది లోగో దగ్గర వెలిగి ఆరుతోంది.

"అక్కా, ఫోన్ పోయినా మంచిదే. లోపల మెసేజ్‌లు పోవద్దు," అన్నాడు కౌంటర్ దగ్గరే.

ఆంటీ వెనక గదిలోంచి వచ్చారు. "ఏం మెసేజ్‌లు?"

చెప్పాడు. అతన్ని ఇక్కడికి పంపిన ఏజెంట్ ఒక కాలేజీ ఆఫర్ లెటర్ ఇచ్చాడు. దిగాక ఆ కాలేజీలో సీట్లు అయిపోయాయని, ఇంకోదాంట్లో చేరమని వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. ఇతను చేరాడు, చదివాడు, పాసయ్యాడు. ఇప్పుడు పీఆర్‌కి అప్లై చేస్తే, నువ్వు దేశంలోకి వచ్చిన మొదటి లెటరే ఫేక్ అన్నారు ఇమిగ్రేషన్ వాళ్లు. పది రోజుల్లో హియరింగ్.

"ఫేక్ అని నాకు తెల్వదు ఆంటీ. వాడే పంపిండు. వాడు మాట్లాడినయి అన్నీ దీంట్లనే ఉన్నయ్. లాయర్ ఫోనే తెమ్మన్నడు. వాడి నంబర్ ఇప్పుడు కలుస్తలేదు."

"బ్యాకప్?"

"స్టోరేజ్ ఫుల్ అని వస్తుంటే బంద్ చేసిన."

ఆంటీ ఫోను తీసుకుని కాసేపు చూశారు. "లేచిద్దని మాటివ్వను. చెరపనని మాత్రం ఇస్తా. నాలుగు రోజులు ఆగగలవా?"

"ఆగుత ఆంటీ. కానీ చెరిపేయద్దు. ప్లీజ్." తలుపు దాకా వెళ్లి మళ్లీ తిరిగొచ్చి నాతో అన్నాడు, "అక్కా, నువ్వు కూడ చెప్పు."

మూడు రోజులు ఆంటీ దాన్ని పట్టుకునే కూర్చున్నారు. కొత్తగా విడుదలైన ఫైలు, ఉంచేదే అయినా, ఈ ఫోనులో ఉన్నవాటితో పొసగకపోవచ్చని ఆమె భయం. అందులో చివరిసారి ఏది ఉండేదో సరిగ్గా అదే వెర్షన్ కావాలి. మీటలు నొక్కితే ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే తెరలో అడుగున చిన్న అక్షరాల్లో ఆ నంబరు ఉంటుంది. ఇరవైసార్లు వెలిగించి, ఒక్కోసారి రెండేసి అంకెలు రాసుకున్నారు. ఆ పాత ఫైలు ఎక్కడెక్కడో వెతికారు. నాలుగో రోజు పదకొండింటికి దొరికింది, కంప్యూటర్‌లోకి మెల్లగా దిగుతోంది. ఆ రోజే ఆమెకు డాక్టర్ అపాయింట్‌మెంట్, నెలల ముందు తీసుకున్నది. గుండెదే అయి ఉండాలి. అప్పుడు మేం అడగలేదు.

గాజులు తొడుక్కుంటూ, "రేపొచ్చి ఎక్కిస్తా. దాన్ని ముట్టుకోబాక," అన్నారు నాతో. "సరే ఆంటీ," అన్నాను.

మధ్యాహ్నం ఓనర్ వెనక్కి వచ్చాడు. "ఇదింకా ఇక్కడే ఉందేంటి? నాలుగు రోజులు ఒక్క ఫోనా? బయట ఎంతమంది నిలబడ్డారో చూడు."

"ఆంటీ రేపు చేస్తా అన్నరు సర్."

"ఆవిడ చేసేసరికి మనం షాపు మూసుకోవాలి. నీకు రాదా?"

"వస్తది సర్."

"మరి చెయ్యి. అన్నట్టు నీ లెటర్ టైప్ చేయించా. సాయంత్రం గుర్తు చెయ్, సంతకం పెడతా."

రెండు మాటలూ ఒకే గుక్కలో అన్నాడు. బెదిరించాడని చెప్పలేను. బెదిరించి ఉంటే నాకు ఇప్పుడు కొంత సుఖంగా ఉండేది.

ఆంటీ ఫైలు దిగడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. నేను మా దగ్గరున్న కొత్తది తీసి, ఉంచేదే ఎక్కించాను. ఎక్కింది. ఫోను వెలిగింది, లోగో, ఆరిపోయింది. మళ్లీ లోగో. అక్కడ ఆగాల్సింది. ఓనర్ తలుపులోంచి తొంగి చూసి, "ఫుల్‌గా కొట్టేయమ్మా, సైన్ చేశాడుగా," అన్నాడు.

పొరపాటున రెండో ఫైలు ఎంచుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పొరపాటు కాదు. పేరు అక్షరం అక్షరం చదివాను. చెరిపేది. ఏదో ఒక బ్యాకప్ ఉండే ఉంటుందిలే, అందరికీ ఉంటుంది అనుకున్నాను. క్లిక్ చేశాను.

ఫోను లేచింది. తెల్లటి తెర మీద రకరకాల భాషల్లో స్వాగతం. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, నాకు సంతోషమైంది. "చూశావా, పది నిమిషాలు," అన్నాడు ఓనర్. సాయంత్రం సంతకం పెట్టాడు.

మర్నాడు ఆంటీ వచ్చి గాజులు తీశారు, స్వెటర్ చేతులు మడిచారు, ఫోను చేతిలోకి తీసుకున్నారు. ఆ స్వాగతం చూశారు. నా వైపు చూడలేదు. కంప్యూటర్‌లో ఏ ఫైలు ఎన్నింటికి ఎక్కిందో చూశారు. ముందు ఒకటి, తర్వాత రెండోది. ఆ రెండో వరుస చదివాక కళ్లజోడు తీసి బెంచీ మీద పెట్టారు. నేను ఏదో చెప్పబోయాను. చెయ్యి ఎత్తారు.

పన్నెండింటికి ప్రవీణ్ వచ్చాడు. ఫోను వెలుగుతుండటం అల్లంత దూరం నుంచే చూసి ముఖం విప్పారింది. "లేచిందా ఆంటీ!"

ఓనర్ కౌంటర్ దగ్గర, నేను బెంచీ పక్కన. ఆంటీ లేచి నిలబడ్డారు.

"నా చేతిలో పోయింది బాబూ. చెరిపే ఫైలు ఎక్కింది. లోపల ఏమీ లేదు."

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఫోను తీసుకుని వేలితో అటూ ఇటూ జరిపాడు, అడుగున ఎక్కడో ఉన్నట్టు. "మీకు చెప్పిన కదా," అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా, "నాలుగుసార్లు చెప్పిన కదా ఆంటీ! కాళ్లు మొక్కినట్టు చెప్పిన!" షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఓనర్ ఆ సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాడు. ప్రవీణ్ దాని వైపు చూడను కూడా చూడలేదు. "ముసల్దానివి, రాకపోతే ఎందుకు ముట్టుకున్నవ్?" అని ఆంటీని అడిగాడు. ఆమె తల వంచుకోలేదు. అతని కళ్లలోకే చూస్తూ నిలబడ్డారు, ఆ మాట తనకు చెందినదే అన్నట్టు.

నేనక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది.

ఆ రోజు పని అయ్యాక బస్ స్టాప్‌లో ఆమె పక్కన నిలబడ్డాను. ఇంకా వెలుతురు ఉంది. రోడ్డు పక్క మంచు నల్లబడి కుప్పలు పోసి ఉంది.

"ఎందుకట్ల చెప్పిన్రు ఆంటీ? నేను చేసిన కదా."

"నా బెంచీ మీద ఫోను. సొరుగులో పెట్టి తాళం వేసుకుని పోవాల్సింది. నిన్ను నమ్మి పోయా."

"నా లెటర్ కోసం..."

"నీ లెటర్ ఎవడికి కావాలి?" మొదటిసారి గొంతు పెంచారు. "నిన్ను కాపాడాననుకుంటున్నావా? నేను ఒక్క మాట అని ఆగా. నువ్వు అంటావని చూశా. కాదు తమ్ముడూ, నేను చేశా అని. అంతసేపు నిలబడ్డా కదా, నువ్వు అంటావనే నిలబడ్డా."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కారు. అది నా బస్సు కూడా. నేను ఎక్కలేదు.

ప్రవీణ్ ఇంటర్నెట్‌లో షాపు గురించి రాశాడు. ఆ ముసలావిడ చేతికి ఫోను ఇవ్వకండి, నా జీవితం చెరిపేసింది అని. తర్వాతి సోమవారం ఓనర్ ఆంటీని రావద్దన్నాడు. ఆ రివ్యూ కింద, ఆ ఉద్యోగి ఇప్పుడు మా దగ్గర లేరు అని మర్యాదగా జవాబు రాశాడు. నన్ను బెంచీ దగ్గర కూర్చోబెట్టాడు. ఆంటీ దించుకున్న ఆ పాత ఫైలు ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది. అది ఎక్కించి ఉంటే ఆ ఫోను లేచేదో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. కొన్నాళ్లకు దాన్ని తీసేశాను, డిస్కులో జాగా లేదని.

ఆ వేసవిలో ఒక మాల్‌లో ఆమెను చూశాను. నడవా మధ్యలో ఫోన్ కవర్లు అమ్మే చిన్న కియోస్క్. ఎవరో కుర్రాడి ఫోనుకు పైన అంటించే అద్దం పెడుతున్నారు. ఇరవై ఏళ్లు ఫోన్ల లోపల పనిచేసిన మనిషి ఇప్పుడు బయట దుమ్ము తుడుస్తున్నారు. నేను ఎస్కలేటర్ ఎక్కి వెళ్లిపోయాను.

నాకు పీఆర్ వచ్చాక స్వీట్ డబ్బా తీసుకుని ఆమె అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. తలుపు సగమే తీశారు. డబ్బా తీసుకున్నారు. "మంచిది," అన్నారు. తర్వాత, "ఆ అబ్బాయికి చెప్పావా?"

"లేదు ఆంటీ."

"ఊఁ," అని తలుపు వేశారు. విసురుగా కాదు, నెమ్మదిగా. అదే చివరిసారి.

శనివారం వెళ్లాను. ఫ్యూనరల్ హోమ్‌లో పాతిక మంది కూడా లేరు. ఆమెకు నేత చీర కట్టారు. చేతులకు గాజులున్నాయి, నాకు అవే కొత్తగా కనిపించాయి. కూతురు నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెబితే, "ఓహ్, యూ ఆర్ ద షాప్ గర్ల్! మామ్ యూజ్డ్ టు సే యూ హావ్ ద బెస్ట్ హ్యాండ్స్," అంది. ఆంటీ నా గురించి అంతకుమించి ఏమీ చెప్పలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. నేను థాంక్స్ అన్నాను.  ఇంటికెళ్లే దారిలో ప్రవీణ్ పాత రూమ్మేట్‌ను వెతికి పట్టుకుని నంబర్ అడిగాను.

ప్రవీణ్‌ను ఆ హియరింగ్ తర్వాత వెనక్కి పంపేశారట, ఇప్పుడు కరీంనగర్‌లో ఒక కార్ల షోరూములో పనిచేస్తున్నాడు. పెళ్లయింది. ఫోనులో నా గొంతు గుర్తుపట్టలేదు. షాపు పేరు చెబితే గుర్తుపట్టాడు.

"ఆంటీ పోయిన్రు ప్రవీణ్."

"ఏ ఆంటీ? ఆమెనా?"  "పోతే పోయింది అక్కా. ఏం చేయమంటవ్."

అప్పుడు చెప్పాను. ఓనర్, లెటర్, మొదటి ఫైలు, రెండో ఫైలు.  లైన్ కట్టయిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"ఉన్న," అన్నాడు.  "హియరింగ్‌కి ముందు ఆమె మా రూముకొచ్చింది అక్కా, తెల్సా నీకు? రోజు విడిచి రోజు వచ్చింది. నేను ఎవరికన్న ఫార్వర్డ్ చేసినయి ఉన్నయేమోనని రూమ్మేట్ల ఫోన్లు ముగ్గురివి వెతికింది. ఒకటి దొరికింది, గని దాంట్ల ఏజెంట్ పేరు లేదు. లాయర్‌కి లెటర్ కూడ రాసిచ్చింది, నా తప్పు వల్లే డేటా పోయిందని సంతకం పెట్టి. హియరింగ్ల వాళ్లు తీస్కోలే. ఎవరైనా రాసిస్తరు, మెసేజ్‌లు ఏవి అన్నరు."

నాకు ఇవేవీ తెలియవు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"తప్పు చేసింది కాబట్టి తిరుగుతుంది అనుకున్న," అన్నాడు. "నాలుగో ఫ్లోర్, లిఫ్ట్ లేదు. మెట్లెక్కి ఆయాసపడుకుంట వచ్చేది. మంచినీళ్లు కూడ ఇయ్యలే అక్కా నేను."

"నన్ను ఏమన్నా అను ప్రవీణ్."

"ఏమంట? ఇప్పుడు అంటే ఏమొస్తది?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ రివ్యూ తీసేద్దామంటే పాస్‌వర్డ్ కూడ యాదికి లేదు నాకు."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "ఆమె మొహం యాదికొస్తలేదు అక్కా. ఎంత గుర్తు చేసుకున్నా వస్తలేదు. ఫొటో ఉంటే పంపు."

ఇప్పుడు నేను పెద్ద సర్వీస్ సెంటర్‌లో కొత్తవాళ్లకు పని నేర్పుతాను. అక్కడ ఫైలు మేం ఎంచుకోం, కంప్యూటరే ఎంచుతుంది. అయినా పేరు పైకి చదవమంటాను. ఎందుకని అడిగితే, నాకట్లా నేర్పారు అంటాను, ఎవరు నేర్పారో చెప్పను. ఆంటీకి నేనిచ్చిన గౌరవం ఇన్నేళ్లలో అదొక్కటే. చాలదని తెలుసు.

ఆ సాయంత్రం నా ఫోనులో ఉన్న ఫొటోలన్నీ వెతికాను. రెండేళ్లు పక్కన కూర్చున్న మనిషివి ఒక్కటంటే ఒక్కటే దొరికింది, షాపు వార్షికోత్సవం నాడు తీసినది. కేక్ ముందు ఓనర్ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. పక్కన నేను, నవ్వుతూ. మా వెనక తెరిచిన తలుపు, దాని అవతల బెంచీ, బెంచీ ముందు నెరిసిన జడ, వంగిన వీపు. కేక్ కోస్తున్నాం రండి ఆంటీ అని మేమంతా పిలిచాం. ఫోనుకు ఎక్కుతోంది, మీరు కానివ్వండి అన్నట్టు ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు. మొహం కనిపించదు. గాజుల్లేని ఆ చెయ్యి మాత్రం, కొంచెం చెదిరి, గాల్లో లేచి ఉంటుంది.

అదే పంపాను.